సంస్కృతి ఎవరి వద్ద ఉంది? – ఆసియా వలస సమాజాల మానసిక చికిత్సలో ‘సాంస్కృతిక సున్నితత్వ’ భావన: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆసియా దేశాల నుంచి అమెరికాకు వలస వెళ్లినవారు మానసిక చికిత్సను తక్కువగా వినియోగించుకోవడానికి వారి సంస్కృతే కారణమనే వివరణ విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఆ వివరణ ఆధారంగానే ‘సాంస్కృతిక సున్నితత్వం’ వైద్యవృత్తికి ఒక ప్రమాణంగా ఎదిగింది. ఆర్థర్ క్లైన్‌మన్, స్టాన్లీ స్యూ రచనలను, యాన్ ఫాడిమన్ గ్రంథాన్ని, అమెరికన్ మనోవైద్య సంఘం వెలువరించిన రోగనిర్ధారణ సంపుటాలను ఆధారం చేసుకొని ఆ భావన పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంస్కృతిని రోగికి మాత్రమే చెందిన లక్షణంగా భావించినంతకాలం సున్నితత్వం కూడా వినకపోవడానికి మరొక మార్గంగానే మిగులుతుందని, వైద్యవ్యవస్థకూ వలస చట్టానికీ ఉన్న సంస్కృతిని కూడా పరిశీలనలోకి తీసుకున్నప్పుడే ఆ భావన సార్థకమవుతుందని ప్రతిపాదిస్తుంది. చివరిభాగంలో అమెరికాలోని తెలుగువారి సందర్భానికి ఈ చర్చను అన్వయిస్తుంది.

కీలకపదాలు: వలస, మానసిక చికిత్స, సాంస్కృతిక సున్నితత్వం, దుభాషి, వ్యాధి వివరణ, బెంగ.

1. ఉపోద్ఘాతం:

బాధ అందరికీ ఉంటుంది. దానిని చెప్పుకొనే తీరు మాత్రం అందరికీ ఒకటి కాదు. ఒకరు నిద్ర పట్టడం లేదంటారు, ఒకరు గుండె దడగా ఉందంటారు, మరొకరు దైవం ఆగ్రహించిందంటారు. వినేవారిదీ చెప్పేవారిదీ ఒకే భాష, ఒకే సమాజం అయినప్పుడు ఈ మాటల వెనుక ఉన్నదేమిటో కొంతవరకు ఊహకు అందుతుంది. వలసలో ఆ ఊహకు ఆధారం తెగిపోతుంది. వైద్యుని గదిలో రోగి మాట ఒక లోకానిది, దానిని నమోదు చేసే పత్రం మరొక లోకానిది. ఈ రెండింటి మధ్య దూరాన్ని పూడ్చడానికి గత యాభై ఏళ్లలో రూపొందిన భావనలలో సాంస్కృతిక సున్నితత్వం ప్రధానమైనది. దాని ఉద్దేశం మంచిదే. అది నిజంగా ఆ దూరాన్ని తగ్గించిందా, లేక ఆ దూరానికి గౌరవప్రదమైన పేరు మాత్రమే పెట్టిందా అన్నది విచారించవలసిన విషయం.

2. ఒక్కసారి వచ్చి మళ్లీ రానివారు:

అమెరికాలో 1965 నాటి వలస చట్టం జాతీయ మూలాల ఆధారంగా అమలులో ఉన్న కోటాలను తొలగించింది. దానితో కుటుంబ సంబంధాల ద్వారానూ వృత్తినైపుణ్యాల ద్వారానూ ఆసియావాసుల రాక పెరిగింది. 1975లో వియత్నాం యుద్ధం ముగిసిన తరువాత వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి శరణార్థులు పెద్దసంఖ్యలో చేరారు. ఒకవైపు వైద్యులు, ఇంజనీర్లు. మరొకవైపు యుద్ధంలో అయినవారిని పోగొట్టుకొని శరణార్థి శిబిరాల మీదుగా వచ్చిన రైతు కుటుంబాలు. ఈ ఇద్దరినీ ప్రభుత్వ పత్రాలు ‘ఆసియన్’ అనే ఒకే గడిలో చేర్చాయి. ఈ గడి పాలనా సౌలభ్యం కోసం ఏర్పడింది. అందులో ఉన్నవారందరికీ ఉమ్మడి సంస్కృతి ఒకటుందని అది నిరూపించదు.

1966లో సామాజిక శాస్త్రవేత్త విలియం పీటర్సన్ జపనీస్ అమెరికన్ల విజయగాథను ప్రశంసిస్తూ రాసిన వ్యాసంతో ‘ఆదర్శ మైనారిటీ’ అనే దృష్టి బలపడింది. క్రమంగా అది ఆసియన్లందరికీ విస్తరించింది. బాగా చదివేవారు, కష్టపడేవారు, నోరు మెదపనివారు అన్న ముద్రకు మరో ముఖం ఉంది. అటువంటివారికి సహాయం అవసరం లేదన్న నిర్ణయానికి అది సులభంగా దారితీస్తుంది.

ఈ నిర్ణయాన్ని ప్రశ్నించినవారిలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ స్యూ ముఖ్యుడు. సియాటిల్ ప్రాంతంలోని పదిహేడు సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాల రికార్డులను పరిశీలించి 1977లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆసియన్ అమెరికన్ రోగులలో సుమారు సగంమంది మొదటి సమావేశం తరువాత మళ్లీ రాలేదు. శ్వేతజాతీయులలో అలా మానేసినవారు 30 శాతం. వారి రాక తక్కువగా ఉండటం ఒక సంగతి. వచ్చినవారు వెనుదిరగడం మరొక సంగతి. మొదటిదానికి సిగ్గు, అపవాద భయం వంటి కారణాలు చెప్పవచ్చు. గడప దాటి లోపలికి వచ్చిన మనిషి సిగ్గును ఎంతో కొంత జయించే వచ్చాడు. అతడు మళ్లీ రాలేదంటే ఆ గదిలో ఏం జరిగిందో అడగాలి. సమస్యను సేవల వైపు నుంచి చూడవలసిన అవసరాన్ని ఈ పరిశీలన ముందుకు తెచ్చింది.

3. జాబితాగా మారిన సంస్కృతి:

ఈ ప్రశ్నకు వైద్యవ్యవస్థ ఇచ్చిన తొలి సమాధానాలలో ఒకటి సమాచార సేకరణ. ఏ సమాజం దేనిని నమ్ముతుందో, ఏ రోగాన్ని ఏ పేరుతో పిలుస్తుందో తెలుసుకుంటే చాలునన్న ధోరణి శిక్షణ పుస్తకాలలో స్థిరపడింది. అమెరికన్ మనోవైద్య సంఘం 1994లో వెలువరించిన రోగనిర్ధారణ సంపుటం నాలుగవ ముద్రణ అనుబంధంలో ‘సంస్కృతీబద్ధ రుగ్మతల’ పట్టిక చేరింది. వీర్యనష్ట భయంతో ముడిపడిన దక్షిణాసియా ‘ధాతు’ రుగ్మత అందులో ఒకటి. పాశ్చాత్యేతర బాధలకు ప్రామాణిక గ్రంథంలో చోటు దక్కడం ఒక ముందడుగే.

కానీ ఆ చోటు గ్రంథం చివర, అనుబంధంలో దక్కింది. ప్రధాన అధ్యాయాలలోని రుగ్మతలు సార్వజనీనాలుగానూ, అనుబంధంలోనివి సంస్కృతికి బద్ధమైనవిగానూ కనిపించేలా ఆ అమరిక ఉంది. పట్టికలోని పేర్లలో దాదాపు అన్నీ యూరో-అమెరికన్ ప్రధాన స్రవంతికి వెలుపలివి కావడంతో, వైద్యునికి విజ్ఞానం ఉంటుందని, రోగికి సంస్కృతి ఉంటుందని చెప్పకనే చెప్పినట్లయింది.

2013 నాటి ఐదవ ముద్రణ ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. ‘సంస్కృతీబద్ధ రుగ్మత’ అనే పదబంధాన్ని విడిచి ‘బాధకు సంబంధించిన సాంస్కృతిక భావనలు’ అనే విస్తృత వ్యవహారాన్ని స్వీకరించింది. పదహారు ప్రశ్నలతో కూడిన సాంస్కృతిక సంభాషణ పత్రాన్ని చేర్చి, దానిని మైనారిటీలకే పరిమితం చేయకుండా ఏ రోగినైనా అడగదగినదిగా రూపొందించింది. ఇదే సంపుటం కంబోడియా శరణార్థులలో కనిపించే ‘ఖ్యాల్’ దాడులను పేర్కొంది. శరీరంలో గాలి రక్తంతోపాటు పైకి ఎగసి ప్రాణాపాయం కలిగిస్తుందన్న భయం వాటికి మూలం. ఛాతీలో పట్టేసినప్పుడు ‘గ్యాస్ పైకి తన్నింది’ అనుకొనే తెలుగువారికి ఈ మాట మరీ వింతగా తోచదు. అయితే ఖ్మేర్ రూజ్ పాలనను అనుభవించి బయటపడిన వ్యక్తి చెప్పే గాలికీ, భోజనానంతరం తెలుగింట వినిపించే గాలికీ మధ్య ఒక చరిత్ర ఉంది. పట్టిక పేరును చెప్పగలదు. ఆ చరిత్రను చెప్పవలసినది ఆ మనిషే.

4. జాబితా నుంచి ప్రశ్నకు:

ఆ మనిషి చేత చెప్పించడం ఎలా అన్న ప్రశ్నకు వైద్య మానవశాస్త్రవేత్త, మనోవైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ రచనలు దారి చూపాయి. 1978లో లియాన్ ఐసెన్‌బర్గ్, బైరన్ గుడ్‌లతో కలిసి రాసిన వ్యాసంలో ఆయన రోగిని అడగదగిన ప్రశ్నలను సూచించాడు. ఈ జబ్బుకు కారణం ఏమని మీరనుకుంటున్నారు, అది ఎందుకు అప్పుడే మొదలైందనుకుంటున్నారు, దీనిలో మిమ్మల్ని అన్నిటికంటే భయపెట్టేది ఏది అన్నవి వాటి ధోరణి. వీటికి జవాబులు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు.

చైనాలోని హునాన్‌లో క్లైన్‌మన్ చేసిన అధ్యయనం ఇంకా లోతైన సంగతిని వెల్లడించింది. నరాల బలహీనతగా నిర్ధారణ పొందిన వందమంది రోగులలో 87 మందికి అమెరికన్ ప్రమాణాల ప్రకారం తీవ్ర కుంగుబాటు ఉన్నట్లు ఆయన 1982లో ప్రకటించాడు. ఆసియావాసులు మనసులోని బాధను శరీరం మీదికి మళ్లిస్తారన్న సాధారణ సూత్రానికి ఈ ఫలితాన్ని తరచుగా సాక్ష్యంగా చూపుతారు. క్లైన్‌మన్ వివరణ అంతటితో ఆగలేదు. సాంస్కృతిక విప్లవం ముగిసిన కొద్దికాలానికి, మనసులోని నిరాశను పైకి చెప్పడం రాజకీయంగా ప్రమాదకరమైన చోట, తలనొప్పీ నిద్రలేమీ సురక్షితమైన భాషగా పనిచేశాయి. శరీరం గురించి మాట్లాడటం మనసును గురించి తెలియకపోవడానికి గుర్తు కానక్కరలేదు. ఎదుటివారు దేనిని వినగలరో అంచనా వేసుకొని మాట్లాడే వివేకానికి కూడా అది గుర్తు కావచ్చు.

స్యూ, నోలన్ జేన్ 1987లో రాసిన వ్యాసం చికిత్సకుని వైపు నుంచి ఇదే విషయాన్ని చర్చించింది. రోగి సంస్కృతిని గురించిన జ్ఞానానికీ చికిత్సా ఫలితానికీ మధ్య దూరం చాలా ఉందని, ఫలితానికి దగ్గరగా ఉండేవి విశ్వసనీయత, ఇవ్వడం అనే రెండు అంశాలని వారు వాదించారు. చికిత్సకుడు నమ్మదగినవాడని రోగికి తోచాలి. తొలి సమావేశంలోనే ఏదో ఒక మేలు, ఒక ఊరట అతని చేతికి అందాలి. మొదటి రోజే వెనుదిరిగినవారి లెక్కకు ఇది సూటి జవాబు. 1998లో స్యూ మరొక జాగ్రత్తను జోడించాడు. సమాజం గురించి తెలిసినదానిని ఎదుటి వ్యక్తికి ఎప్పుడు వర్తింపజేయాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలియడం కూడా సామర్థ్యంలో భాగమేనన్నాడు. అదే సంవత్సరం మెలనీ టర్వలాన్, జాన్ మరే-గార్సియా ‘సాంస్కృతిక వినమ్రత’ అనే భావనను ప్రతిపాదించారు. 2006లో క్లైన్‌మన్, పీటర్ బెన్సన్ కలిసి, సంస్కృతిని ఒక సాంకేతిక నైపుణ్యంగా కుదించే శిక్షణలను విమర్శించారు. రోగిని అడగడానికి పుట్టిన ప్రశ్నలు కూడా గడులు నింపే పత్రంగా మారే ప్రమాదం ఉందన్న గ్రహింపు ఈ విమర్శకు ప్రాణం.

5. మెర్సెడ్ ఉదంతం – ఫాడిమన్ గ్రంథ పునఃపఠనం:

ఈ చర్చను పండితుల పత్రికల నుంచి సామాన్య పాఠకుల వద్దకు చేర్చిన గ్రంథం యాన్ ఫాడిమన్ 1997లో ప్రచురించిన ‘ది స్పిరిట్ క్యాచెస్ యు అండ్ యు ఫాల్ డౌన్’. కాలిఫోర్నియాలోని మెర్సెడ్ పట్టణంలో లావోస్ నుంచి వచ్చిన హ్మాంగ్ శరణార్థి కుటుంబంలో 1982లో పుట్టిన లియా లీ అనే పాప కథ ఇది. పాపకు వచ్చినది మూర్ఛ. వైద్యశాస్త్రం దానిని నాడీ సంబంధమైన వ్యాధిగా లెక్కిస్తుంది. తల్లిదండ్రులకు అది ఆత్మ శరీరాన్ని వీడిపోవడం వల్ల కలిగిన స్థితి. శరీరం, మనసు, ఆత్మ అనే విభజన ఒకరి దృష్టిలో ఉండి మరొకరి దృష్టిలో లేనందువల్ల మానసిక చికిత్సా శిక్షణలో కూడా ఈ గ్రంథానికి ప్రాసంగికత ఏర్పడింది.

తల్లిదండ్రులు మందులు సరిగా వేయడం లేదని వైద్యులు ఫిర్యాదు చేయగా పాపను కొంతకాలం ఇంటికి దూరంగా పెంపుడు సంరక్షణలో ఉంచారు. 1986 నవంబరులో వచ్చిన తీవ్రమైన మూర్ఛ తరువాత లియా స్పృహలోకి రాలేదు. 2012లో మరణించేవరకు ఇంట్లో కుటుంబమే ఆమెను సాకింది. వైద్యులు దుర్మార్గులు కారని, తల్లిదండ్రులు అజ్ఞానులు కారని, రెండు సంస్కృతులు ఢీకొన్నందువల్ల ఒక బిడ్డ నలిగిపోయిందని గ్రంథం పాఠకుని ఒప్పిస్తుంది. ఈ సమదృష్టి దాని బలం.

ఆ సమదృష్టిలోనే బలహీనత కూడా ఉంది. మానవశాస్త్రవేత్త జానెల్ టేలర్ 2003లో ఈ గ్రంథాన్ని విశ్లేషిస్తూ, విషాదాంత కథానిర్మాణం సంస్కృతిని మార్పులేని వస్తువుగా చూపుతుందని విమర్శించింది. గ్రంథంలోనే ఉన్న వివరాలు ఈ విమర్శను బలపరుస్తాయి. పాపను మొదటి రెండుసార్లు ఆసుపత్రికి తెచ్చేసరికి మూర్ఛ ఆగిపోయింది. జరిగినదేమిటో తల్లిదండ్రుల మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పే దుభాషి లేకపోవడంతో ఊపిరితిత్తుల వ్యాధిగా భావించి మందులిచ్చి పంపారు. తరువాతి సంవత్సరాలలో మందులూ మోతాదులూ ఇరవైమూడుసార్లు మారాయి. సీసాల మీది రాతను ఇంట్లో పెద్దలు చదవలేరు. చివరి తీవ్రమైన మూర్ఛకు రక్తంలో వ్యాపించిన ఇన్ఫెక్షన్ కారణమై ఉండవచ్చని, ఆ ఇన్ఫెక్షన్‌కు లొంగిపోవడంలో పాపకు వాడిన ఒక మందు పాత్ర కూడా ఉండవచ్చని గ్రంథం చివరలో ఒక వైద్యుని అభిప్రాయంగా తెలుస్తుంది. దుభాషి లేకపోవడం, చదవలేని సీసా, రక్తంలోని ఇన్ఫెక్షన్ – ఈ మూడూ హ్మాంగ్ విశ్వాసాల వల్ల కలిగినవి కావు. ‘సంస్కృతుల ఘర్షణ’ అన్న ఒక్క మాట ఈ మూడింటినీ కప్పివేయగలదు. ఆసుపత్రి నియమించుకోగలిగిన ఒక దుభాషి లేని లోటు, విధిలిఖితమైన విషాదంగా కనిపిస్తుంది.

ఫాడిమన్ ఈ సంగతిని పూర్తిగా విస్మరించిందనడం అన్యాయం. ఆమె సలహా కోరినప్పుడు క్లైన్‌మన్ సూచించిన మూడు విషయాలను గ్రంథం నమోదు చేసింది. రోగి విధేయతను కొలిచే పదజాలాన్ని విడిచిపెట్టాలి. బలవంతానికి బదులు మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించాలి. హ్మాంగ్ సంస్కృతి ఎంత బలమైనదో ఆధునిక వైద్యసంస్కృతి కూడా అంత బలమైనదని గుర్తించాలి. ఈ మూడవ సూచనే గ్రంథమంతటికీ కీలకం. అది కథకు చివర కాకుండా మొదట వచ్చి ఉంటే పాఠకుడు మెర్సెడ్ ఆసుపత్రిని మరొక కంటితో చూసేవాడు. తరువాతి కాలంలో అదే పట్టణంలోని మెర్సీ మెడికల్ సెంటర్ హ్మాంగ్ పూజారులు రోగుల వద్దకు వచ్చి కొన్ని క్రతువులు జరపడానికి నియమబద్ధమైన అనుమతినిచ్చింది. అక్కడ మారినది హ్మాంగుల విశ్వాసం కాదు, ఆసుపత్రి ఆచారం.

6. కుటుంబం, దుభాషి, మౌనం:

సున్నితత్వానికి మరొక పరీక్ష కుటుంబం వద్ద ఎదురవుతుంది. ఆసియా సమాజాలలో కుటుంబమే ప్రధానమని, వ్యక్తితో ఒంటరిగా మాట్లాడటం కన్నా కుటుంబాన్ని కలుపుకోవడం మేలని శిక్షణలలో తరచుగా చెబుతారు. చాలా సందర్భాలలో ఇది సరైన సలహాయే. అయితే కుటుంబం తరఫున మాట్లాడేది ఎవరు? భర్త దుభాషిగా కూర్చున్నప్పుడు భార్య తన బాధకు అతడే కారణమని ఎలా చెబుతుంది? 1985లో న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీలు గృహహింస బాధితుల కోసం స్థాపించిన ‘మానవి’ సంస్థ ఈ ప్రశ్నను సమాజం లోపలి నుంచే లేవనెత్తింది. అంటే సంస్కృతి ఒకే గొంతుతో మాట్లాడదు. పెద్దల గొంతునే సంస్కృతిగా స్వీకరించే సున్నితత్వం, అణగినవారి పట్ల అనాదరణ అవుతుంది.

పిల్లలు దుభాషులైనప్పుడు జరిగే హాని మరొక రకమైనది. తల్లి తనకు బతకాలని లేదని చెప్పిన మాటను పదేళ్ల బిడ్డ ఇంగ్లీషులోకి మార్చవలసి వస్తే, ఆ మాట యథాతథంగా వైద్యుని చేరదు. చేరినా ఆ బిడ్డ మనసులోనుంచి పోదు. అత్యవసర స్థితిలో తప్ప పిల్లలను దుభాషులుగా వాడరాదని అమెరికా ఆరోగ్య నిబంధనలు 2016లో స్పష్టం చేశాయి. ఇంగ్లీషు రానివారికి ప్రభుత్వ సేవలు అందేలా చూడాలన్న 2000 నాటి అధ్యక్ష ఉత్తర్వు 2025 మార్చిలో రద్దయింది. భాషాహక్కు పాలకుల ఇష్టాయిష్టాలపై ఆధారపడినంతకాలం, సున్నితత్వం గురించి వైద్యులకిచ్చే శిక్షణ ఎంత గొప్పదైనా దాని పునాది బలహీనంగానే ఉంటుంది.

చికిత్సకుడు రోగి సమాజానికే చెందినవాడైతే ఈ చిక్కులు తీరతాయన్నది మరొక అభిప్రాయం. స్యూ బృందం లాస్ ఏంజెలిస్ కౌంటీలో జరిపి 1991లో ప్రకటించిన అధ్యయనం, ముఖ్యంగా ఇంగ్లీషు ప్రధానభాష కానివారి విషయంలో, దీనికి కొంత ఆధారమిచ్చింది. అయినా స్వజనం ఎప్పుడూ స్వస్థలం కాదు. చిన్న వలస సమాజంలో చికిత్సకుడు రేపు పెళ్లిలోనో పండుగ సభలోనో ఎదురుపడతాడు. ఎవరి కులమేమిటో, ఎవరి ఊరేదో ఇరువురికీ తెలిసిపోతుంది. అటువంటి చోట పరాయివాని గదే భద్రంగా తోచవచ్చు. మెర్సెడ్‌లో హ్మాంగులు నమ్మిన మనస్తత్వ నిపుణురాలు హ్మాంగ్ స్త్రీ కాదు; అయినా వారిలో ‘హృదయాలను బాగుచేసే మనిషి’గా ఆమెకు గుర్తింపు వచ్చిందని ఫాడిమన్ గ్రంథం చెబుతుంది. పుట్టుక ఇచ్చే నమ్మకం ఒకటి, నడత వల్ల సంపాదించే నమ్మకం మరొకటి అన్న స్యూ, జేన్‌ల విభజనకు ఇది చక్కని ఉదాహరణ.

7. లెక్కలో లేని భాష – తెలుగువారి సందర్భం:

ఆసియన్ అమెరికన్ల మానసిక ఆరోగ్యంపై ఎక్కువగా ఉదాహరించే సర్వే 2002-2003లో జరిగింది. అందులో పాల్గొన్న 2,095 మంది ఆసియన్లలో 8.6 శాతం మాత్రమే ఏదో ఒక రూపంలో మానసిక ఆరోగ్య సేవను పొందినట్లు 2007లో ప్రకటించిన విశ్లేషణ తెలిపింది. సాధారణ జనాభాలో ఇది 17.9 శాతం. ఈ అంకెలు విలువైనవి. అయితే ఆ సర్వేలో ఆసియన్లతో మాట్లాడిన భాషలు ఇంగ్లీషు, చైనీస్, వియత్నమీస్, తగలాగ్. దక్షిణాసియా భాషలలో ఒక్కటీ లేదు. భారతీయులు ‘ఇతర ఆసియన్లు’ అనే గడిలో చేరారు. ఇంగ్లీషులో జవాబు చెప్పగలవారే అందులో ప్రవేశించారు. మనవలను చూసుకోవడానికి వెళ్లి, మంచు కురిసే నెలల్లో మాటకు మనిషి కరవై గడిపే తెలుగు తల్లిదండ్రులు ఆ అంకెల్లో కనిపించే అవకాశమే లేదు.

వారి బాధకు తెలుగులో మాట ఉంది – బెంగ. ఈ పదం వాడుకను గమనిస్తే దానిలోని ప్రత్యేకత తెలుస్తుంది. బెంగకు సాధారణంగా ఒక లక్ష్యం ఉంటుంది. అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ, బిడ్డ మీద బెంగ. అది మనిషి లోపల పుట్టిన లోపాన్ని కాక ఇద్దరి మధ్య తెగిన దారాన్ని సూచిస్తుంది. దానికి లోకం ఎరిగిన మందు కూడా ఆ దారంలోనే ఉంది: చూడాలి, కలవాలి, మాట్లాడాలి. కుంగుబాటును అంచనా వేయడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం గత రెండువారాలలో ఏ లక్షణం ఎన్ని రోజులున్నదో అడుగుతుంది. ఎవరి కోసం అని అడగదు. బెంగను ‘డిప్రెషన్’గా అనువదిస్తే ఆ ‘ఎవరు’ జారిపోతారు. అలాగని ప్రతి కుంగుబాటునూ బెంగగా సరిపెట్టుకొని, దానంతటదే పోతుందని ఊరుకోవడం ప్రాణాంతకం కావచ్చు. రెండు మాటలూ చికిత్సకుని ముందు ఉండాలి. ఒకదానిని మరొకటి మింగకూడదు.

ఉద్యోగవీసాపై ఉన్న తెలుగు యువతీయువకుల స్థితి మరొక పార్శ్వాన్ని చూపుతుంది. వీరు మానసిక చికిత్సకు వెళ్లకపోవడానికి పరువు భయాన్ని కారణంగా చెప్పడం పరిపాటి. ఆ భయం నిజమే. దానితోపాటు చట్టం కల్పించిన భయం కూడా ఉంది. హెచ్-1బి వీసాపై ఉన్నవారు ఉద్యోగం కోల్పోతే, 2017 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, సాధారణంగా గరిష్ఠంగా అరవై రోజులలో మరొక దారి చూసుకోవాలి. ఆరోగ్య బీమా చాలామందికి ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. అంటే మనసు అత్యంత కుంగిన సమయానికే చికిత్సకు ఆధారం జారిపోతుంది. ఆధారిత వీసాపై వెళ్లిన భార్యలలో ఒక వర్గానికి ఉద్యోగం చేసే అనుమతి 2015లోగాని లభించలేదు. చదువు ఉండి, పని చేసే హక్కు లేక, ఇంట్లో గడిపిన స్త్రీ దిగులును ‘తెలుగు సంస్కృతి’ అనే శీర్షిక కింద నమోదు చేస్తే వలస చట్టం నిర్దోషిగా తప్పించుకుంటుంది.

8. ముగింపు:

సాంస్కృతిక సున్నితత్వ భావన ఆసియా వలసదారులకు మేలు చేసిందనడంలో సందేహం లేదు. వారి మాటకు విలువ ఉందని అది వైద్యవ్యవస్థ చేత అంగీకరింపజేసింది. దాని పరిమితి ఆ వ్యవస్థ తనను తాను చూసుకోకపోవడంలో ఉంది. రోగి నమ్మకాల పట్టిక తయారుచేయడం సులభం. దుభాషికి జీతమివ్వడం, సమావేశానికి తగిన సమయం కేటాయించడం, బీమాను ఉద్యోగం నుంచి విడదీయడం కష్టం. సులభమైన పని కష్టమైన పనికి ప్రత్యామ్నాయంగా మారినప్పుడు విమర్శ అవసరమవుతుంది.

తెలుగు పరిశోధనకు ఇందులో చేయదగిన పని స్పష్టంగా ఉంది. దిగులు, బెంగ, చింత, గుండె బరువు, నరాల బలహీనత వంటి మాటలను ప్రాంతం, కులం, లింగం, వయస్సు, వలసస్థితి భేదాలతో సేకరించి, ఏ మాటను ఎవరు, ఎవరి ముందు, ఏ అర్థంలో వాడుతున్నారో నమోదు చేయవలసి ఉంది. భాషాశాస్త్రం, జానపద విజ్ఞానం, మనస్తత్వ శాస్త్రం కలిసి చేయవలసిన పని ఇది. అయితే ఆ సేకరణ కూడా మరొక పట్టికగా మిగిలిపోకూడదు. సియాటిల్ కేంద్రాలకు ఒక్కసారి వచ్చి వెనుదిరిగినవారు తమ సంస్కృతిని గురించి ఎవరికీ తెలియదని వెళ్లిపోయారో, తమను ఎవరూ అడగలేదని వెళ్లిపోయారో ఆ రికార్డులు చెప్పవు. రెండవ అవకాశాన్ని తోసిపుచ్చకుండా ఉండటమే సున్నితత్వానికి తొలిమెట్టు.